కౌంటర్ దగ్గర ఫోన్ మోగితే

“రెండు చాలు, ఇంకొద్దు” అన్నాడాయన. నేను రెండు షీట్లు తీసి కవర్లో వేసి బిల్లు కొట్టాను. ఆయన మాట్లాడింది నాతో కాదు, చెవిలో ఉన్న ఇయర్‌బడ్‌తో. అది జుట్టు చాటున ఉండటంతో నాకు కనబడలేదు. చీటీలో రాసింది నెలకి సరిపడా బీపీ మాత్రలు, అంటే పది మాత్రల షీట్లు మూడు. ఇరవై రోజులకి మందు అయిపోయాక మళ్లీ వచ్చి, “నెలకి సరిపడా ఇవ్వలేదేంటండీ?” అని అడిగాడు. చీటీ ఇంకోసారి చూసుకోకపోవడం నా తప్పే. కానీ ఆ “రెండు” అనే మాట ఎవరికి చెప్పారో తెలిసి ఉంటే అసలు ఈ పొరపాటే జరిగేది కాదు.

పదకొండేళ్లుగా మందుల షాపు కౌంటర్ వెనక నిలబడుతున్నాను. ఫోన్ మాట్లాడేవాళ్లకి మర్యాద తెలియదని నేననను. ఎవరి అవసరం వాళ్లది. మా ఇబ్బందల్లా ఒకటే: మీరు అవునన్నది, వద్దన్నది, రెండన్నది మాతోనా, ఫోన్‌తోనా అన్నది మాకు తేలకపోవడం. అది తేలిస్తే చాలు, మిగతావన్నీ సర్దుకుంటాయి.

పని కౌంటర్ దాకా రాకముందే మొదలవుతుంది. చీటీ ఫోటో ఫోన్లో ఉంటే లైన్లో ఉండగానే తెరిచి పెట్టుకోండి. మా ముందుకొచ్చాక గ్యాలరీలో పెళ్లి ఫోటోలన్నీ దాటుకుంటూ వెతుకుతుంటే వెనకవాళ్లకి విసుగు, మీకు టెన్షన్. ఇంట్లోవాళ్లని అడగాల్సింది ఉంటే అదీ అప్పుడే అడిగేయండి. ముఖ్యంగా మందు పేరు పక్కనున్న నంబర్, అంటే ఎన్ని ఎంజీ అన్నది. ఒకే పేరుతో రెండు మూడు రకాల పవర్ ఉంటుంది. ఫోన్లో అటువైపువాళ్లు చదివి వినిపిస్తుంటే ఐదు వందలా, యాభయ్యా అన్నది గోలలో సరిగ్గా వినబడదు. పాత షీటు ఫోటో తీసి పంపమనండి. ఆ ఫోటోలో పేరు, నంబర్, రెండూ మా కళ్లకే కనబడతాయి.

మీ వంతు వచ్చేసరికి కాల్ నడుస్తుంటే అటువైపువాళ్లకి “బిల్లు దగ్గర ఉన్నాను, రెండు నిమిషాల్లో నేనే చేస్తా” అని చెప్పి పెట్టేయండి. ఆ మాటకి కోపం తెచ్చుకున్నవాళ్లని నేను చూడలేదు. కాల్ కట్ చేయకుండా ఫోన్‌ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని రెండు చేతులతో పర్సు వెతుక్కోవడం మాత్రం వద్దు. అలా కిందపడి పగిలిన ఫోన్లు మా గడప దగ్గర చాలానే చూశాను.

ఇయర్‌బడ్స్ పెట్టుకునేవాళ్లు ఒకటి కాదు, రెండూ తీసి చేతిలో పట్టుకోండి. పాట ఆపేశారని మీకు తెలుసు, మాకు తెలియదు. చెవులు ఖాళీగా కనబడితే ఇక మీరు అనే ప్రతి మాటా మాకేనని ధైర్యంగా తీసుకుంటాం.

ఆపలేని కాల్స్ ఉంటాయి. ఆసుపత్రి నుంచి, పిల్లల బడి నుంచి వచ్చిన కాల్‌ని ఎవరు మాత్రం కట్ చేయగలరు? అప్పుడు మా వైపు చూసి “అర్జంటు కాల్” అనండి, చీటీ మా దగ్గరే ఉంచి పక్కకి జరగండి, వెనకవాళ్లని ముందుకి రానివ్వండి. మీ మందులు తీసి ఒక పక్కన పెట్టి ఉంచుతాం. కాల్ అయ్యాక మళ్లీ లైన్ చివరికి వెళ్లక్కర్లేదు. ముందున్నవాళ్లకి ఒక మాట చెబితే దాదాపు ఎవరూ కాదనరు.

నన్ను ఇప్పటికీ వెంటాడేది ఒక డ్రై సిరప్ సీసా. చిన్నపిల్లలకిచ్చే కొన్ని యాంటీబయాటిక్స్ పొడిగా వస్తాయి. కాచి చల్లార్చిన నీళ్లు సీసా మీది గీత వరకే పోయాలి, బాగా కుదపాలి, పొడి కరిగాక మట్టం కిందికి దిగితే మళ్లీ గీత దాకా కలపాలి. సీసా ఎత్తి గీత మీద వేలు పెట్టి చూపిస్తూ ఇదంతా ఒకతనికి చెప్పాను. ఆయన ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ప్రతి మాటకీ తలూపాడు. చూపు సీసా మీదే ఉంది, కాబట్టి విన్నాడనే అనుకున్నాను. మర్నాడు ఆ బిడ్డ తల్లి సీసా పట్టుకుని వచ్చింది. నీళ్లు మూత దాకా ఉన్నాయి. అలా పలచబడితే చెంచాడు పోసినా బిడ్డకి అందాల్సిన మందు అందదు. అదృష్టం కొద్దీ అప్పటికి ఒక్క డోసే పట్టారు. డాక్టర్‌కి ఫోన్ చేసి కనుక్కుని కొత్త సీసా కలిపి ఇచ్చాను. ఆ రోజు నుంచి ఫోన్ చెవిలో ఉన్నవాళ్లకి వాడకం చెప్పను, కాల్ అయ్యేదాకా ఆగుతాను. మీరూ ఒక పని చేయండి. చెప్పింది విన్నాక మీ మాటల్లో మాకు తిరిగి చెప్పండి: “పొద్దున, రాత్రి, తిన్నాక, ఐదు రోజులు. అంతేనా?” తల ఊపడం కంటే ఇది ఎంతో నయం.

ఇందులో లైన్లో ఉన్న మిగతావాళ్ల సంగతి కూడా ఉంది. ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుకుంటుంటే మన చెవి దాన్ని వదిలేస్తుంది. ఫోన్లో ఒక వైపు మాటలే వినబడితే, రెండో వైపు ఏమై ఉంటుందా అని మనసు అటే లాగుతుంది. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు 2010లో ప్రచురించిన పరిశోధన ఇదే చెప్పింది: సగం సంభాషణ విన్నవాళ్ల ధ్యాస, పూర్తిగా విన్నవాళ్ల కంటే ఎక్కువ చెదిరింది. మాత్రలు లెక్కపెడుతూ పదిహేడు దగ్గర ఆగిపోయి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టిన రోజులు నాకు బాగా తెలుసు.

డబ్బులు ఫోన్ నుంచి కట్టేవాళ్లు కాల్ ఎందుకు ఆపాలో ఇంకో కారణం ఉంది. రెండు సిమ్‌లున్న చాలా ఫోన్లలో ఒక సిమ్ మీద కాల్ నడుస్తుంటే రెండో సిమ్ మీద నెట్ ఆగిపోతుంది. పేమెంట్ స్క్రీన్ గిర్రున తిరుగుతూనే ఉంటుంది, మా నెట్ బాగోలేదేమోనని మమ్మల్ని అడుగుతారు. కాల్ కట్ చేయగానే పేమెంట్ వెళ్లిపోతుంది. క్యూఆర్ కోడ్ మీరు చూపించాల్సి వస్తే స్క్రీన్ వెలుగు పెంచండి. కోడ్‌ని మరీ పెద్దది చేయకండి, చుట్టూ ఉన్న తెల్లటి అంచు కనబడితేనే మా మెషిన్ చదవగలదు.

స్పీకర్ ఆన్ చేసి మాట్లాడటం ఎక్కడైనా ఇబ్బందే. మందుల షాపులో ఇంకా ఎక్కువ, ఇంట్లోవాళ్ల జబ్బు పేరు లైన్లో ఉన్న అందరికీ తెలిసిపోతుంది. ఓటీపీ అయితే ఎవరు అడిగినా చెప్పకూడదు, ఇక నలుగురి మధ్య గట్టిగా చదవడం అసలే వద్దు.

ఫోనే గొంతుగా ఉన్నవాళ్లకి ఇవేవీ వర్తించవు. వినబడనివాళ్లు, మాట్లాడలేనివాళ్లు, మా భాష రానివాళ్లు టైప్ చేసి చూపిస్తారు. అక్షరాలు పెద్దవి చేసి స్క్రీన్ మా వైపు తిప్పితే చాలు. మేమూ తిరిగి రాసి చూపిస్తాం. వెనకున్నవాళ్లు అలాంటివారిని తొందరపెట్టకండి, దయచేసి.

కౌంటర్ వెనకున్న మావాళ్లకీ ఒక మాట. 2013లో ఇంగ్లండ్‌లో ఒక సూపర్‌మార్కెట్ క్యాషియర్, ఫోన్ పెట్టేస్తే గానీ బిల్లు వేయనని కస్టమర్‌తో అంది. కంపెనీ ఆ కస్టమర్‌కి క్షమాపణ చెప్పింది, జనంలో చాలామంది క్యాషియర్ వైపు మాట్లాడారు. ఆ విసుగు నాకు అర్థమవుతుంది. అయినా నేను బిల్లు ఆపను. చీటీ మీద వేలు పెట్టి, కళ్లలోకి చూసి, “మీ కాల్ అయ్యాక చెబుతానండీ” అంటాను. చాలామంది వెంటనే ఫోన్ పెట్టేస్తారు. మనం ఫోన్ మాట్లాడుతూ ఒక చేత్తో మందులు తీసివ్వడం కూడా మానాలి. మన ఫోన్ మోగితే మనకీ ఇవే పద్ధతులు.

కవర్ చేతికొచ్చాక వెంటనే తిరిగి కాల్ చేయకండి. ముందు మందుల పేర్లు చీటీతో సరిచూసుకోండి, చిల్లర లెక్కపెట్టుకోండి, కౌంటర్ మీద ఏమైనా ఉండిపోయిందేమో ఒకసారి చూడండి. మాట్లాడుతూ వెళ్లిపోయినవాళ్లు వదిలేసిన కళ్లజోళ్లు, కార్డులు, తాళంచెవులు మా సొరుగులో ఎప్పుడూ ఉంటాయి. ఇవాళ కూడా ఒక ఎర్ర తాడు కట్టిన తాళంచెవి ఉంది. దాని కోసం ఇంకా ఎవరూ రాలేదు.