ఇస్త్రీపెట్టె పెట్టగానే ఇల్లంతా చీకటి

ఇటలీలోని బొలోన్యా నగరంలో నేను దిగిన ఇంట్లో మూడో రోజు రాత్రి. వంటగదిలో ఓవెన్, పక్కనే వాషింగ్ మెషిన్ నడుస్తున్నాయి. నా గదిలో ఇస్త్రీపెట్టె ప్లగ్ పెట్టానో లేదో, ఇల్లంతా చీకటి. ఏదో కాల్చేశానని గుండె గుభేలుమంది. ఇంటావిడ టార్చితో వచ్చి "కొంతాతోరే" అన్నారు. కోపంగా కాదు, నెమ్మదిగా.

చేయి పట్టుకుని కిందికి తీసుకెళ్లి మీటరు చూపించారు. కొంతాతోరే అంటే అదే. ఇటలీలో చాలా ఇళ్లకు 3 కిలోవాట్ల కనెక్షనే ఉంటుంది. వాడకం ఆ హద్దు బాగా దాటితే మీటరే కరెంటు ఆపేస్తుంది. ఓవెన్‌కు, ఇస్త్రీపెట్టెకు కలిపితేనే 4 కిలోవాట్లు! ఆవిడ మీట పైకి నెట్టగానే మెట్లమీద దీపం వెలిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు ఒక్కో వస్తువు వెనక రాసి ఉన్న వాట్లు చదివి, ఏవి కలిపి వాడకూడదో చీటీ రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. ఆవిడ చదివి, నా ఇటాలియన్‌లో రెండు తప్పులు పెన్సిల్‌తో దిద్దారు. ఆ చీటీ అంటే నాకెంత ఇష్టమో!

ఇస్త్రీ మధ్యాహ్నానికి మార్చుకున్నాను. ఇప్పుడు ప్లగ్ పెట్టే ముందు "పొస్సో?" అని అడుగుతాను, పెట్టవచ్చా అని. ఓవెన్ నడుస్తుంటే వంటగదిలోంచి "ఆస్పెత్తా", ఆగమని జవాబు వస్తుంది.