మా మనవడికి ఒళ్లు పట్టిన విధం

మా మనవడికి రెండేళ్లు. మూడు నెలలుగా బరువు కదల్లేదు, కోడలికి ఒకటే టెన్షన్. కందుకూరులో చూపిస్తే డాక్టరు నులిపురుగుల మందు ఇచ్చి, టానిక్కులు వద్దు, తిండి మార్చమన్నారు.

పిల్లాడి పొట్ట చిన్నది, ఎక్కువ కుక్కితే కక్కుతాడు. అందుకే పెట్టే నాలుగు ముద్దల్లోనే బలం పెంచాం. గుప్పెడు బియ్యం, అర గుప్పెడు పెసరపప్పు మెత్తగా ఉడికించి, గరిటె వెనకతో మెదిపి, చెంచాడు నెయ్యి. చారన్నం ఆపేశాం, దాంతో పొట్ట నిండుతుందే గానీ ఒంటికి పట్టదు. రోజూ ఒక గుడ్డు. మధ్యలో రెండుసార్లు అరటిపండో, మెత్తగా చిదిమిన నువ్వులుండో. ఉలవపాడు మామిడి వచ్చే రోజుల్లో ఆ వెతుకులాటే లేదు! అన్నానికి ముందు పాలు, బిస్కెట్లు ఇవ్వకండి.

నెలనెలా అంగన్‌వాడీలో తూకం వేయించండి. జబ్బకు చుట్టి లావు కొలిచే పట్టీ 12.5 సెంటీమీటర్ల లోపు చూపితే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మావాడు మొన్నటి తూకంలో 300 గ్రాములు పెరిగాడు.