నెల్లూరు ఎండల్లో చెంగల్వకోష్టు, భూచంపకం పెంచడం ఎలా

ఇవి మన వేడికి బతకవని చాలామంది అంటారు. బతుకుతాయి, పూస్తాయి కూడా. రెండూ అల్లం, పసుపు బంధువులే, అడవిలో చెట్ల నీడన, ఆకు కుళ్ళిన తడి నేలలో పెరిగే దుంప మొక్కలు, ఒకసారి కుదురుకుంటే ఏళ్ళ తరబడి ఉంటాయి.

చిక్కల్లా వానలతోనే. వీటికి జూన్ నుంచి సెప్టెంబరు దాకా తడి కావాలి, ఆకు వేసేది, దుంప ఊరేది అప్పుడే. మన జిల్లాలో అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మే నెలాఖరులో నాలుగు చినుకులు పడగానే మొక్క లేస్తుంది, ఆ తర్వాత వాన మొహం చాటేస్తుంది, పడమటి గాలి ఆకును మాడ్చేస్తుంది. కాబట్టి ఆ నాలుగు నెలలూ వాన మీరే కురిపించాలి.

ముందు చోటు చూసుకోండి. ఇంటికి తూర్పునో ఉత్తరానో, మామిడి చెట్టు కింద, పడమటి గాలికి గోడ అడ్డం ఉంటే చాలు. కావలి, కోట వైపు ఇసుక నేలైతే అడుగున్నర లోతు గుంట తీసి, అడుగున పాత టార్పాలిన్ పరిచి, దానికి అక్కడక్కడా చిల్లులు పెట్టండి, నీళ్ళు ఒక్కసారిగా జారిపోకుండా నిలిచి నెమ్మదిగా దిగుతాయి. నల్లరేగడి అయితే మాత్రం గుంట వద్దు, జానెడు ఎత్తు మడి కట్టండి, లేకపోతే తుఫాను వానల్లో దుంపలు కుళ్ళిపోతాయి. మట్టిలో సగం దాకా కుళ్ళిన ఆకు, బాగా మాగిన పశువుల ఎరువు కలపాలి. కొబ్బరి పొట్టు వేసేవాళ్ళు రెండు మూడు నీళ్ళు కడిగి వెయ్యండి, దానిలో ఉప్పు ఉంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో, రెండు కళ్ళున్న దుంప ముక్కను రెండంగుళాల లోతున పెట్టండి. భూచంపకం ఆకు కంటే ముందే నేలలోంచి నేరుగా పువ్వు తీస్తుంది, మంచి వాసన, అందుకని నడిచే దారి పక్కనే పెట్టుకోండి. చెంగల్వకోష్టు మెలి తిరుగుతూ మనిషెత్తు దాకా పెరుగుతుంది, ఎర్రటి కంకి మీద తెల్లటి పువ్వులు, దాన్ని వెనక వరసలో పెట్టండి. దాని కాండాన్ని ముక్కలు కోసి తడి ఇసుక మీద పడుకోబెట్టినా కణుపుల దగ్గర పిలకలు వస్తాయి.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త నీళ్ళ విషయంలోనే. సముద్రానికి దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ఆకు అంచులు గోధుమరంగులోకి మాడతాయి, అది ఎండ దెబ్బ అనుకుని ఇంకా అవే నీళ్ళు పోస్తుంటారు. డాబా మీద పడ్డ వాన నీళ్ళు పట్టి పెట్టుకోండి, ఏసీ పైపు కింద బకెట్ పెట్టండి, ఆ నీళ్ళలో ఉప్పు దాదాపు ఉండదు. ఆర్వో వదిలేసే నీళ్ళు మాత్రం అసలు వద్దు, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ. మొక్కల మధ్య ఒక మట్టికుండను మెడ దాకా పాతి నింపుతుంటే అది ఊరుతూ వేళ్ళకు తడి అందిస్తుంది. పైన నాలుగు వేళ్ళ మందాన వరిగడ్డి గానీ సరుగుడు ఆకు గానీ కప్పాలి, ఈ కప్పు లేకపోతే మీ కష్టమంతా ఒక్క మధ్యాహ్నంలో ఆవిరైపోతుంది.

అక్టోబరులో వానలు మొదలయ్యాక నీళ్ళు ఆపేయండి, నత్తల్ని మాత్రం రాత్రిపూట ఏరెయ్యాలి. సంక్రాంతి తర్వాత ఆకు పండిపోతుంటే టెన్షన్ పడకండి, పసుపు చేలో ఆకు ఎండినట్టే, దుంప నిద్రపోతోంది. అప్పుడు జాలిపడి నీళ్ళు పోస్తేనే కుళ్ళుతుంది. మే దాకా అలాగే వదిలెయ్యండి.

పెంచలకోన అడవిలో, నల్లమలలో ఇలాంటివి కనిపించినా తవ్వి తేవద్దు, అభయారణ్యంలో అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కడియం నర్సరీల్లో అడగండి, లేదా పెంచుతున్న వాళ్ళ దగ్గర ఒక పిలక తెచ్చుకోండి, ఇవి మడి నిండా పాకుతాయి కాబట్టి ఎవరూ కాదనరు.