వానల నెలల్లో బయోస్ అప్‌డేట్: చెయ్యి పెట్టే ముందు జాగ్రత్తలు

అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు దాకా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కరెంటును నమ్ముకుని ఏ పనీ మొదలుపెట్టలేం. వాయుగుండం పట్టిందంటే కొమ్మ విరిగి తీగ మీద పడుతుంది, ఫీడరు ట్రిప్ అవుతుంది, లైను బాగుచేసేందుకు గంటల తరబడి తీసేస్తారు. మిల్లులో కాటా దగ్గరి కంప్యూటరో, నెట్ సెంటర్‌లో సిస్టమో, ఇంట్లో పిల్లల పీసీనో బూట్ కాకుండా మొరాయించేది కూడా ఎక్కువగా ఈ తేమ రోజుల్లోనే. అప్పుడు ఎవరో ఒకరు “బయోస్ అప్‌డేట్ చేస్తే సరిపోద్ది” అని సలహా పడేస్తారు. బయోస్ అంటే ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్, బోర్డు మీది ఒక చిప్పులో ఉంటుంది. ఆ చిప్పులో పాతది చెరిపి కొత్తది రాసే ఆ కొద్ది నిమిషాల్లో కరెంటు పోతే, అప్పటిదాకా విండోస్ మాత్రమే రాని మిషను, ఇక తెర మీద అక్షరం కూడా చూపించదు.

తప్పు బయోస్‌దేనా?

చాలాసార్లు కాదు. మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి ర్యామ్ పిన్నుల మీద సన్నటి పొర పడుతుంది. చీమకుర్తి క్వారీల చుట్టుపక్కల గ్రానైట్ దుమ్ము స్లాట్లలోకి దిగుతుంది. రెండింటికీ లక్షణం ఒకటే: ఫ్యాన్ తిరుగుతుంది, డిస్‌ప్లే రాదు. ప్లగ్గు పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టి ఉంచండి. తర్వాత ర్యామ్ తీసి బంగారు రంగు పిన్నుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడి బ్రష్‌తో స్లాటు దులపండి. ఒక్క ర్యామే పెట్టి ఆన్ చేయండి. నాలుగు స్లాట్లున్న బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ నుంచి రెండోది. రబ్బరు పొట్టు స్లాటులో పడనీయకండి.

తర్వాత చూడాల్సింది బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 సెల్లు. ఆన్ చేసినప్పుడల్లా తేదీ పాత సంవత్సరానికి పోతుంటే, బూట్ ఆర్డర్ (ఏ డ్రైవు నుంచి ముందు మొదలవ్వాలనే వరుస) తనంతట తానే మారిపోతుంటే అనుమానం దాని మీదే. మీటరు పెట్టి చూస్తే కొత్త సెల్లు 3 వోల్టుల పైన ఉంటుంది. 2.8 కంటే తగ్గితే మార్చేయండి. దీనికి బయోస్ జోలికి పోనక్కర్లేదు.

మూడోది, బయోస్ స్క్రీన్‌లోకి వెళ్ళి ఎస్‌ఎస్‌డీ పేరు కనిపిస్తోందో లేదో చూడటం. పేరు కనిపిస్తూ “నో బూటబుల్ డివైస్” అంటుంటే తేడా బూట్ ఆర్డర్‌లోనో, సీఎస్‌ఎం (పాత లెగసీ పద్ధతిలో బూట్ కానిచ్చే) సెట్టింగులోనో, విండోస్ బూట్ ఫైళ్ళలోనో ఉంది. పేరే రాకపోతే కేబులో, స్లాటో, డ్రైవో. కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాటులో డ్రైవు పెడితే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. కొత్త ఎస్‌ఎస్‌డీ వేయగానే పాత హార్డ్‌డిస్క్ మాయమైందంటే ముందు కేబులు వేరే పోర్టుకు మార్చి చూడండి.

అప్‌డేట్ నిజంగా అవసరమయ్యే సందర్భాలు కొన్నే. 2018 నాటి ఏఎండీ బీ450 బోర్డులో పాత బయోస్ అలాగే ఉంచి రైజెన్ 5000 ప్రాసెసర్ పెడితే డిస్‌ప్లే రాదు. ఇంటెల్ 12వ జనరేషన్‌తో వచ్చిన హెచ్610, బీ660 బోర్డుల్లో 13, 14వ జనరేషన్ పెట్టినా ఇదే తంతు. ఇంటెల్ 13, 14వ జనరేషన్‌లోని పెద్ద ప్రాసెసర్లు వోల్టేజీ ఎక్కువ తీసుకుని దెబ్బతింటున్నాయని తేలాక 2024 ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బి అనే మైక్రోకోడ్‌లు (ప్రాసెసర్ నడవడికను సరిచేసే కోడ్) బయోస్ రూపంలో వచ్చాయి. అలాంటి ప్రాసెసర్ ఉండి సిస్టమ్ బూట్ మధ్యలో నీలి తెర చూపిస్తుంటే అప్‌డేట్ తప్పనిసరి. అప్పటికే చెడిపోయిన ప్రాసెసర్‌ను మాత్రం అది బాగుచేయదు, వారంటీలో మార్పించుకోవాల్సిందే. కొత్త ర్యామ్ పడకపోవడం, కొత్త ఎన్‌వీఎంఈ డ్రైవు గుర్తించకపోవడం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఇవేవీ కాకుండా “కొత్త వెర్షన్ వచ్చింది కదా” అని చేసేదైతే సంక్రాంతి దాటేదాకా ఆగొచ్చు.

కరెంటు సంగతి

మామూలు 600 వీఏ యూపీఎస్ 360 వాట్ల దాకా మోస్తుంది, అదీ లోపలి 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ బాగుంటేనే. మన ఎండలకు ఆ బ్యాటరీ రెండు మూడేళ్ళకు డీలా పడుతుంది, పైకి మాత్రం పచ్చలైటు వెలుగుతూనే ఉంటుంది. అందుకే లైటును నమ్మొద్దు. సిస్టమ్‌ను బయోస్ స్క్రీన్‌లోకి తెచ్చి వదిలి, యూపీఎస్ ప్లగ్గును గోడ నుంచి పీకేయండి. ఆ స్క్రీన్‌లో ఉండగా ఆగిపోయినా ఫైళ్ళకు నష్టం లేదు. మానిటర్‌తో సహా పదిహేను నిమిషాలు నిలబడితే సరే. ఐదు నిమిషాలకే కీచుమంటుంటే ముందు బ్యాటరీ మార్చి, మళ్ళీ నిండా చార్జి చేశాకే పని పెట్టుకోండి. లేజర్ ప్రింటర్ యూపీఎస్ మీద ఉంటే తీసేయండి, వేడెక్కేటప్పుడు అది ఒక్కసారిగా కరెంటు లాగి యూపీఎస్‌ను పడగొడుతుంది.

ఇన్వర్టర్ మీద నడిపేవాళ్ళు వెనకున్న స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూసుకోవాలి. నార్మల్ మోడ్‌లో కరెంటు మారేటప్పుడు ఆలస్యం ఎక్కువ. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి పవర్ సప్లై డబ్బా) తనలో దాచుకున్న కరెంటుతో నిలబడేది నిండు లోడు మీద సుమారు 16 మిల్లీసెకన్లే. ఫ్యాన్లు ఆగకుండా తిరిగినంత మాత్రాన కంప్యూటర్ కూడా రీస్టార్ట్ కాకుండా ఉంటుందని కాదు. మిల్లుల్లో జనరేటర్‌కు, లైనుకు మధ్య చేత్తో చేంజోవర్ తిప్పేవాళ్ళుంటారు. ఆ అరగంట స్విచ్ జోలికి రావద్దని వాళ్ళకు చెప్పి ఉంచండి.

రొయ్యల చెరువుల ఏరియేటర్లు తిరిగే ఊళ్ళలో రాత్రిపూట వోల్టేజీ జారిపోయి యూపీఎస్ టక్కుటక్కుమంటూ బ్యాటరీకి మారుతూ వస్తూ ఉంటుంది. ఆ చప్పుడు వినిపిస్తే ఆ పూటకు వద్దు. వాతావరణ హెచ్చరిక ఉన్న రోజు, ఉరుములు వినిపిస్తున్నప్పుడు అసలే వద్దు. ఉరిమేటప్పుడు పవర్ ప్లగ్గుతో పాటు లాన్ కేబులు కూడా పీకేయడం మరిచిపోకండి, పిడుగుపాటుకు బోర్డులో ముందు పోయే భాగాల్లో లాన్ పోర్టు ఒకటి.

ఏ ఫైలు?

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి “ఎంఎస్‌ఇన్ఫో32” అని కొడితే బోర్డు పేరు, బయోస్ వెర్షన్, తేదీ, బయోస్ మోడ్ లెగసీనా (పాత పద్ధతి) యూఈఎఫ్‌ఐనా (కొత్త పద్ధతి) అన్నీ ఒకేచోట ఉంటాయి. ఆ తెర ఫోన్‌లో ఫోటో తీసుకోండి. విండోసే రాకపోతే బోర్డు మీద అచ్చువేసిన పేరు చూడాలి. పేరు పూర్తిగా సరిపోవాలి: బీ450ఎం డీఎస్3హెచ్ వేరు, బీ450ఎం డీఎస్3హెచ్ వీ2 వేరు. గిగాబైట్ బోర్డుల మూలన “రెవ్ 1.0” లాంటి అంకె ఉంటుంది, దానికీ వేర్వేరు ఫైళ్ళుండొచ్చు. హెచ్‌పీ, డెల్, లెనోవో డబ్బాలైతే బోర్డు పేరుతో కాక సీరియల్ నంబరు లేదా సర్వీస్ ట్యాగ్‌తో కంపెనీ సపోర్ట్ పేజీలోనే వెతకాలి.

వెర్షన్ పక్కన ఉండే రెండు మూడు వరుసల సమాచారం తప్పక చదవండి. “ఫలానా వెర్షన్ వేశాకే ఇది వేయాలి” అని ఉంటే దూకుడు పనికిరాదు. ఏఎండీ వాళ్ళ ఏఎం4 సాకెట్ ఉన్న కొన్ని బోర్డుల్లో 16 ఎంబీ చిప్పు సరిపోక, కొత్త వెర్షన్లలో పాత ఏ-సిరీస్ ప్రాసెసర్ల సపోర్టు తీసేశారు. అలాంటి పాత ప్రాసెసర్ మీదే సిస్టమ్ నడుస్తుంటే కొత్త ఫైలు వేశాక డిస్‌ప్లే రాదు. బీటా అని ఉన్నది అవసరం లేకుండా ముట్టుకోవద్దు.

మిల్లుల్లో, చిన్న ఆఫీసుల్లో ఇంకా నడుస్తున్న ఊరూ పేరూ లేని హెచ్61 బోర్డులకు నమ్మదగిన కంపెనీ పేజీ ఉండదు. ఎక్కడో దొరికిన హెచ్61 ఫైలు వేస్తే లాన్ చిప్పో, సౌండో, పోర్టులో వేరేవై బోర్డు మూలన పడుతుంది. వాటిని వదిలేయడమే మంచిది.

పెన్‌డ్రైవ్ 32 జీబీ లేదా అంతకంటే చిన్నది, ఎఫ్‌ఏటీ32లో ఫార్మాట్ చేసినది కావాలి. జిప్‌ను విప్పి లోపలి ఫైలును ఏ ఫోల్డరులోనూ పెట్టకుండా నేరుగా వేయండి. అది తప్ప అందులో ఇంకేమీ లేకుంటే మేలు.

మొదలుపెట్టే ముందు

విండోస్ వస్తున్నట్లయితే బిట్‌లాకర్ (డ్రైవుకు తాళం వేసే విండోస్ సదుపాయం) సంగతి తేల్చుకోండి. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు చాలావరకు మనకు చెప్పకుండానే డ్రైవును ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటాయి. బయోస్ మారగానే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంటులోకి వెళ్ళి ఆ కీని కాగితం మీద రాసుకుని, కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్ కనిపిస్తే దాన్ని సస్పెండ్ చేయండి. కాగితం ఆ కంప్యూటర్ పక్కనే వద్దు.

బయోస్‌లోని పేజీలన్నీ ఫోటోలు తీయండి. ముఖ్యంగా సాటా మోడ్ ఏహెచ్‌సీఐనా రెయిడ్/వీఎండీనా, సీఎస్‌ఎం, సెక్యూర్ బూట్, వర్చువలైజేషన్, కరెంటు వచ్చాక ఏం చేయాలనే సెట్టింగు. ఆ తర్వాత ఆప్టిమైజ్డ్ డిఫాల్ట్స్ లోడ్ చేసి, ఎక్స్‌ఎంపీ (ర్యామ్ వేగం పెంచే సెట్టింగు), ఓవర్‌క్లాక్ తీసేసి సేవ్ చేయండి. వేగం పెంచిన ర్యామ్ ఒక్క బిట్టు తప్పు చదివినా ఆ తప్పే చిప్పులోకి ఎక్కొచ్చు.

అప్‌డేట్ విండోస్ లోపలి నుంచి కాకుండా బయోస్ నుంచే చేయాలి. విండోస్‌లో యాంటీవైరస్ అడ్డుపడొచ్చు, నీలి తెర రావొచ్చు. ఆసుస్‌లో టూల్ మెనూలో ఈజీ ఫ్లాష్, గిగాబైట్‌లో ఆన్ చేయగానే ఎండ్ కీతో క్యూ-ఫ్లాష్, ఏఎస్‌రాక్‌లో ఎఫ్6తో ఇన్‌స్టంట్ ఫ్లాష్, ఎంఎస్‌ఐలో ఎం-ఫ్లాష్. కీబోర్డు, మౌస్, పెన్‌డ్రైవ్ తప్ప మిగతా యూఎస్‌బీ సామాన్లన్నీ పీకేయండి. ల్యాప్‌టాప్ అయితే చార్జరు పెట్టి ఉండాలి, బ్యాటరీ సగానికి పైనే ఉండాలి. ల్యాప్‌టాప్‌కు విండోస్ అప్‌డేటే బయోస్‌ను తెచ్చి రీస్టార్ట్ అడుగుతుంటుంది. తుపాను రోజుల్లో అప్‌డేట్‌లను పాజ్‌లో పెట్టుకోవచ్చు.

మొదలయ్యాక చేతులు కట్టుకోవాల్సిందే. మధ్యలో తెర నల్లబడుతుంది, ఫ్యాన్లు హోరుమంటాయి, రెండు మూడుసార్లు తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. శాతం అంకె ఒకచోట ఆగినా అరగంట దాకా ముట్టుకోవద్దు. డీడీఆర్5 ర్యామ్ ఉన్న ఏఎం5 బోర్డులు అప్‌డేట్ తర్వాత ర్యామ్‌ను కొత్తగా పరీక్షించుకుంటూ డీఆర్ఏఎం లైటు వెలిగించి పది నిమిషాలైనా నల్లతెరతో కూర్చుంటాయి. చచ్చిపోయిందనుకుని పవర్ కట్ చేసేది సరిగ్గా ఇక్కడే.

అయ్యాక వచ్చే చిక్కులు

ఏఎండీ సిస్టమ్‌లో ఎఫ్‌టీపీఎం (బిట్‌లాకర్ తాళం చెవిని దాచే చోటు) రీసెట్ చేయాలా అని వై లేదా ఎన్ నొక్కమంటుంది. బిట్‌లాకర్ కీ చేతిలో లేకపోతే ఎన్ నొక్కండి. వై నొక్కితే కీ లేకుండా డ్రైవు తెరుచుకోదు.

“అప్‌డేట్ చేశాక విండోస్ పోయింది” అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం సెట్టింగులు డిఫాల్టుకు పోవడమే. పాత విండోస్ 7 లెగసీ మోడ్‌లో ఉంటే సీఎస్‌ఎం మళ్ళీ ఆన్ చేయాలి. “ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్” అని వస్తే సాటా మోడ్‌ను ఫోటోలో ఉన్నట్టు పెట్టండి. విండోస్ మళ్ళీ ఎక్కించే తొందర వద్దు. కాటా కంప్యూటర్‌లో బరువు తెర మీదికి రాకపోతే సీరియల్ పోర్టు సెట్టింగు చూడండి. కామ్1 మామూలు అడ్రసు 3ఎఫ్8, ఐఆర్‌క్యూ 4. ఇంతకు ముందు వేరేగా పెట్టి ఉంటే ఫోటో ప్రకారం మార్చండి. కరెంటు రాగానే తనంతట తానే ఆన్ అయ్యే సీసీ కెమెరా సిస్టమ్‌కు ఏసీ పవర్ లాస్ సెట్టింగు మళ్ళీ ఆన్ చేయకపోతే, రాత్రి కరెంటు పోయి వచ్చాక పొద్దుటిదాకా రికార్డింగే ఉండదు.

ఎక్స్‌ఎంపీ చివర్లో, మిగతావన్నీ ఒక రోజు నిలకడగా నడిచాక ఆన్ చేయండి.

డిస్‌ప్లే రాకపోతే

ముందు ప్లగ్గు తీసి, సెల్లు ఐదు నిమిషాలు బయట పెట్టండి, లేదా బోర్డు మీద సీఎల్ఆర్‌టీసీ, జేబ్యాట్1 అని రాసిన రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్‌తో పది సెకన్లు తాకించండి. లాభం లేకపోతే, వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డులకు ఇంకో దారి ఉంది. ప్రాసెసర్, ర్యామ్ పనిచేయకపోయినా ఫర్వాలేదు, 24 పిన్ను, 8 పిన్ను పవర్ కేబుళ్ళు ఉంటే చాలు. ఫైలు పేరు మాత్రం కంపెనీ చెప్పినట్టే మార్చాలి: ఎంఎస్‌ఐకి “MSI.ROM”, గిగాబైట్‌కు “GIGABYTE.bin”. ఆసుస్ ఫైలుతో పేరు మార్చే చిన్న ప్రోగ్రామ్ వస్తుంది. గుర్తుపెట్టిన పోర్టులోనే పెన్‌డ్రైవ్ పెట్టాలి. లైటు మెరుస్తూ ఉన్నంతసేపు రాస్తున్నట్టు. హెచ్‌పీ ల్యాప్‌టాప్‌ల్లో విండోస్ కీ, బీ కలిపి పట్టుకుని పవర్ నొక్కితే చాలా మోడళ్ళు రికవరీకి వెళ్తాయి.

ఇవేవీ కుదరకపోతే మిగిలింది చిప్పు ప్రోగ్రామరే. నెల్లూరులోనో ఒంగోలులోనో చిప్ లెవెల్ పని చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళేటప్పుడు బోర్డు పూర్తి పేరు, కంపెనీ పేజీ నుంచి దించిన ఫైలు వెంట ఉంచుకోండి. ఎనిమిది కాళ్ళ ఆ చిప్పు 3.3 వోల్టులదా, 1.8 వోల్టులదా అని చూసుకున్నారా అని అడగండి. 1.8 దానికి 3.3 ఇస్తే చిప్పు పోతుంది. కొత్తది రాసే ముందు పాత డేటాను రెండుసార్లు చదివి, రెండూ ఒకేలా ఉన్నాయని పోల్చి దాచమనండి. లాన్ మ్యాక్ అడ్రసు, సీరియల్ నంబరు, బ్రాండెడ్ ల్యాప్‌టాప్ అయితే విండోస్ కీ కూడా చాలావరకు ఆ పాత డేటాలోనే ఉంటాయి, నెట్‌లో దొరికిన ఫైలులో ఉండవు.