మన చేతులతో చిన్న క్యాంపింగ్ ట్రైలర్ – 3వ పాఠం: నేల, పక్క గోడలు

రెండో పాఠం ముగిసేసరికి 2400 మి.మీ. పొడవు, 1180 మి.మీ. వెడల్పు గల ఇనుప ఛాసిస్ చక్రాల మీద నిలబడి ఉండాలి. ఇవాళ దాని మీద నేల పరిచి, రెండు పక్క గోడలు నిలబెడతాం. పని మొదలుపెట్టే ముందు ఒకసారి టేపు తీసి ఛాసిస్‌ను ఐమూలగా రెండు వైపులా కొలవండి. రెండు కొలతలూ 2674 దగ్గర రావాలి. వాటి మధ్య 3 మి.మీ. తేడా ఉంటే పర్వాలేదు. 6 దాటిందంటే వెల్డింగు వేడికి ఫ్రేము గుంజుకుపోయిందన్నమాట. దాన్ని ఇప్పుడే సరిచేయించండి. ఇక్కడ వదిలేసిన వంకర చిట్టచివర తలుపు మూసేటప్పుడు బయటపడుతుంది. అప్పటికి గోడలు విప్పడం తప్ప వేరే దారి ఉండదు.

ఛాసిస్ వెడల్పు 1180 దగ్గరే ఎందుకు ఆపామో ఇప్పుడు తెలుస్తుంది. ప్లైవుడ్ షీటు 2440 పొడవు, 1220 వెడల్పు ఉంటుంది. కొత్తగా చేసేవాళ్ళు షీటును కోయకుండా అలాగే నేలగా పరిచేస్తారు. దానికి అటొకటి ఇటొకటి 18 మి.మీ. గోడలు తగిలిస్తే మొత్తం వెడల్పు 1256 అవుతుంది. పైకప్పుకు వాడే షీటు కూడా 1220 వెడల్పే కాబట్టి 36 మి.మీ. చాలదు. ఆ లోటు పూడ్చడానికి పైన ఒక అతుకు వేయాలి. నీళ్ళు ముందుగా దిగేది ఆ అతుకులోంచే. అందుకే లెక్క పైకప్పు నుంచి కిందికి రావాలి: 1220 లోంచి రెండు గోడల మందం 36 తీసేస్తే నేల వెడల్పు 1184. ఛాసిస్‌ను దానికి 4 మి.మీ. తక్కువగా 1180 దగ్గర ఆపాం. మీ గోడల మందం వేరైతే ఈ అంకె కూడా మారుతుంది. షీటు మీద రాసి ఉన్న మందాన్ని నమ్మకుండా వెర్నియర్‌తో (మందాన్ని కచ్చితంగా కొలిచే పరికరం) కొలవండి. 18 అని అమ్మేవి 17 ఉండటం మామూలే.

ప్లైవుడ్ ఎంపిక

ఈ బండి మొత్తంలో డబ్బు మిగుల్చుకోకూడని చోటు ఇదే. తలుపు గడియలు, లోపలి అరలు, దీపాలు రేపు మార్చుకోవచ్చు. గోడ పొరలు విడిపోతే మార్చలేం. మరిగే నీటికి తట్టుకునే జిగురుతో చేసిన రకమే తీసుకోండి. ముద్ర చూసి సరిపెట్టుకోకుండా, కొనేముందు ఒక చిన్న ముక్క అడిగి తెచ్చుకుని ఇంట్లో పరీక్షించండి. అరచేతి వెడల్పు ముక్కను నాలుగు గంటలు మరిగించి, పూర్తిగా ఆరనిచ్చి, మళ్ళీ నాలుగు గంటలు మరిగించండి. తర్వాత అంచులో పల్చటి ఉలి దూర్చి తిప్పండి. చెక్క నార చిరిగితే మంచి సరుకు. పొరలు పుస్తకంలో పేజీల్లా శుభ్రంగా విడిపోతే ఆ షీటు వద్దు. అంచుల్లో ఖాళీలు కనిపించినా వద్దు. స్క్రూ సరిగ్గా ఆ ఖాళీలో పడితే దానికి పట్టు ఉండదు.

కావలసినవి: 12 మి.మీ. షీటు ఒకటి నేలకు, 18 మి.మీ. షీట్లు రెండు గోడలకు, 38 × 38 మి.మీ. చెక్క బద్దలు 14 మీటర్లు, 5 × 50 మి.మీ. స్టెయిన్‌లెస్ స్క్రూలు వంద, 4 × 30 మి.మీ.వి మరో వంద, గుండ్రటి తల 8 మి.మీ. బోల్టులు ఎనిమిది, వాటికి పెద్ద వాషర్లు, నైలాన్ నట్లు. పాలీయురెథేన్ సీలెంటు (సందులు పూడ్చే జిగురు ముద్ద) ట్యూబులు మూడు. సిలికాన్ మాత్రం తేవద్దు. అది ఒకసారి అంటిన చోట తర్వాత రంగు పట్టదు, మరో సీలెంటు అతకదు, గీకినా జిడ్డు పోదు.

నేల

షీటును 2400 × 1184కు కోయండి. కింద బద్దలతో చట్రం కట్టాలి: పొడవునా రెండు, అడ్డంగా ఏడు. అడ్డ బద్ద ఒక్కొక్కటి 1108 మి.మీ., ఒకదాని మధ్య నుంచి ఇంకోదాని మధ్యకు సుమారు 400 ఉండాలి. నీటికి ఆగే జిగురు రాసి, షీటును పరిచి, పైనుంచి 4 × 30 స్క్రూలు 150 మి.మీ.కి ఒకటి చొప్పున దించండి. జిగురు ఆరకముందే ఐమూలలు కొలిచి చూసుకోవాలి. ఇక్కడ రెండూ 2676 రావాలి. తేడా వస్తే ఎక్కువ కొలత వచ్చిన మూలను మెల్లగా లోపలికి తట్టి సర్దండి.

ఇప్పుడు తొందరపడకూడని పని వస్తుంది. ప్లైవుడ్ ముఖం మీద పడ్డ నీళ్ళు జారిపోతాయి. అంచు మాత్రం అలా కాదు. కోసిన అంచులో చెక్క నాళాలు తెరిచి ఉంటాయి, అవి నీళ్ళను లోపలికి పీల్చేస్తాయి. నేల కుళ్ళడం ఎప్పుడూ అంచు నుంచే మొదలవుతుంది. అందుకని నూనె ఆధారిత పాలీయురెథేన్ వార్నిష్‌లో అంతే థిన్నర్ కలిపి, అంచులకు బ్రష్షుతో పట్టినంత పట్టించండి. మొదటి పూత చూస్తుండగానే ఇంకిపోతుంది. అది జిగటగా ఉండగానే రెండోది, అది ఆరాక థిన్నర్ కలపకుండా మూడోది వేయండి. మర్నాడు అంచు మీద ఒక నీటి చుక్క వేసి చూడండి. రెండు నిమిషాల తర్వాత కూడా చుక్క తామరాకు మీద ఉన్నట్టు గుండ్రంగా నిలిస్తే పని అయింది. చుక్క పల్చబడి చెక్క రంగు ముదిరితే ఇంకో పూత కావాలి. ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) వాడగలిగితే ఇంకా మంచిదే, కానీ ఖర్చు బాగా పెరుగుతుంది. అంచులకు మాత్రమే ఎపాక్సీ, మిగతా అడుగు భాగానికి ఈ వార్నిష్ అని పంచుకోవడం తెలివైన పద్ధతి. చట్రం బద్దలకు నాలుగు వైపులా పూత పడాలి.

నేలను ఛాసిస్‌కు బోల్టులతో బిగించేటప్పుడు చాలామంది 8 మి.మీ. బెజ్జం వేసి నేరుగా బోల్టు దించేస్తారు. ఆ బెజ్జం గోడ కూడా తెరిచిన అంచే కదా! ముందు 12 మి.మీ. బెజ్జం వేయండి. చెక్క పొడి కలిపి చిక్కగా చేసిన ఎపాక్సీతో దాన్ని పూడ్చండి. గట్టిపడ్డాక మధ్యలో 8 మి.మీ. బెజ్జం వేయండి. అప్పుడు బోల్టు చుట్టూ చెక్క కాకుండా 2 మి.మీ. ఎపాక్సీ గొట్టం ఉంటుంది. బోల్టులు చట్రం బద్దల గుండానే దిగాలి. ఒక్కో పక్క నాలుగు సరిపోతాయి. ఛాసిస్ బాక్స్ పైపుది అయితే దాని గుండా బిగించినప్పుడు పైపు నొక్కుకుపోతుంది. కాబట్టి లోపలి వైపు చిన్న ఇనుప పట్టీలు వెల్డు చేయించి వాటికే బిగించండి. నేలకీ ఛాసిస్‌కీ మధ్య కార్పెట్ ముక్కలు, గోనె లాంటివి పెట్టవద్దు. తడిని పట్టి ఉంచి ఇనుమునీ చెక్కనీ రెండింటినీ తినేస్తాయి. పల్చటి సీలెంటు గీత చాలు.

గోడల ఆకారం

పక్క గోడ ఎత్తు 1200. అందులో అడుగున 25 మి.మీ. ఛాసిస్ పక్కకు దిగుతుంది, నేల మందం 50 పోతుంది, పైకప్పు బద్దలకు 40 పోతుంది. మిగిలింది 1085. దానిలో 100 మి.మీ. పరుపు వేస్తే కూర్చోవడానికి 985 ఉంటుంది. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని మీ తల పైభాగం దాకా కొలిపించుకోండి. పెద్దవాళ్ళలో ఎక్కువమందికి అది 950 లోపే వస్తుంది. ట్రైలర్‌లో మీరు కూర్చునే చోట వంపు కిందికి దిగకుండా చూసుకోండి.

వంపును షీటు మీదే గీయకండి. ముందు అట్ట మీదో, పల్చటి హార్డ్‌బోర్డు మీదో నిలువూ అడ్డం 200 మి.మీ. గళ్ళు గీసి, వంపు వెళ్ళే చోట మేకులు కొట్టి, మూడు మీటర్ల సన్నని బద్దను వాటికి ఆనించి వంచండి. బద్ద సహజంగా తీసుకున్న గీతే అందంగా ఉంటుంది. ఎక్కడైనా వంపు వ్యాసార్థం 450 మి.మీ. కంటే తగ్గనివ్వకండి. అంతకంటే గట్టిగా తిప్పితే పైన వేసే 3 మి.మీ. ప్లైవుడ్ పగిలే ప్రమాదం పెరుగుతుంది.

ఈ అచ్చును షీటుకు బిగించి, జిగ్‌సాతో (సన్నని బ్లేడుతో వంపులు కోసే కరెంటు రంపం) గీతకు 3 మి.మీ. బయట కోయండి. రెండు షీట్లను కలిపి ఒకేసారి కోస్తే పని తొందరగా అవుతుందనిపిస్తుంది. కానీ 36 మి.మీ. మందంలో జిగ్‌సా బ్లేడు వంపుల దగ్గర పక్కకు వాలుతుంది. పై షీటు గీతకు సరిగ్గా వచ్చినా కింది షీటు లోపలికి కోసుకుపోతుంది. విడివిడిగా కోసి, తర్వాత రెండింటినీ క్లాంపులతో కలిపి, గరుకు కాగితంతో ఒక్కటిగా రుద్ది సరిచేయండి. ప్రతి 100 మి.మీ.కి మూలమట్టం పెట్టి అంచు నిటారుగా ఉందో లేదో చూడాలి. రూటర్ (అంచులు చెక్కే యంత్రం), అచ్చు అంచు వెంబడి దొర్లే బేరింగ్ బిట్ ఉంటే ఈ పని అరగంటలో ముగుస్తుంది. షీట్లు కలిపి ఉండగానే పైకప్పు అడ్డబద్దల స్క్రూలకు 3 మి.మీ. బెజ్జాలు రెండింటి గుండా వేసేయండి. విడదీసే ముందు ఎడమ, కుడి, ముందు, బయట అని పెన్సిలుతో రాసుకోండి. మంచి ముఖాలు రెండూ బయటికి రావాలి. రెండు ఎడమ గోడలు చేసుకునే పొరపాటు నిజంగానే జరుగుతుంది.

తలుపు

తలుపు 600 × 850, ఇరుసుకు ముందు వైపు. మూలలకు కనీసం 75 మి.మీ. గుండ్రం ఇవ్వండి. బండి కుదిపినప్పుడు గోడ మెలి తిరుగుతుంది, ఆ ఒత్తిడంతా కన్నం మూల మీద పడుతుంది. మూల చదరంగా కోస్తే పగులు అక్కడే పుడుతుంది. గోడలోంచి కోసిన ముక్కే తలుపుగా వస్తుంది కనుక వేరే షీటు కొననక్కర్లేదు. కోత వెడల్పుకు అదనంగా చుట్టూ 3 మి.మీ. సందు ఉండేలా తర్వాత రుద్దుకోవాలి. రంగు, రబ్బరు పట్టీ అందులోనే ఇమడాలి.

వరస మాత్రం తప్పకూడదు. మొదట బందులు వచ్చే పక్క నిలువు గీత ఒక్కటే కోయండి. బందులు బిగించండి. ఆ తర్వాతే మిగతా మూడు వైపులూ కోయండి, కానీ మూడు చోట్ల 50 మి.మీ. చొప్పున కోయకుండా వదిలేయండి. బందు ముందే బిగించి ఉంటే తలుపు ఎక్కడ వేలాడాలో అక్కడే వేలాడుతుంది. వదిలిన ముక్కలు గోడను బిగువుగా పట్టి ఉంచుతాయి. వాటిని పైకప్పు పడ్డాక కోద్దాం.

నిలబెట్టడం

గోడ అంచులకు కూడా అదే మూడు పూతలు వేసి, ఆరాక ఒకసారి సీలెంటు లేకుండా తగిలించి చూడండి. గోడ నేల చట్రం కంటే 25 మి.మీ. కిందికి దిగాలి, ముందూ వెనకా 20 చొప్పున బయటికి రావాలి. అంతా కుదిరాక తీసి, నేల పక్కన రెండు గీతలుగా సీలెంటు పెట్టి, 5 × 50 స్క్రూలు 150 మి.మీ.కి ఒకటి చొప్పున చట్రం బద్దలోకి బిగించండి. బద్దలో ముందుగా 3 మి.మీ. బెజ్జం తప్పనిసరి, లేకపోతే 38 మి.మీ. బద్ద చీలుతుంది. సీలెంటు అంచు వెంబడి కొద్దిగా పొంగి బయటికి రావాలి. రాని చోట లోపల ఖాళీ ఉన్నట్టే.

పైన ఏ ఆధారమూ లేని గోడ రాత్రికి రాత్రే బయటికి ఒరుగుతుంది. సరిగ్గా 1184 మి.మీ. కోసిన మూడు తాత్కాలిక బద్దలను ముందు, మధ్య, వెనక గోడల మధ్య బిగించి, స్పిరిట్ లెవెల్‌తో నిటారు చూసి వదలండి.

ఇప్పటికి నేల సుమారు 30 కిలోలు, రెండు గోడలు కలిపి సుమారు 60. మొదటి పాఠంలో వేసుకున్న 450 కిలోల లెక్కలో ఐదో వంతు అయిపోయింది. మీ దగ్గరున్న షీట్లు బరువు రకం అయితే తలుపు వెనక భాగంలో, చక్రం పైన కనిపించని చోట్ల గోడను లోపల కొంత తొలిచి ఆ ఖాళీలో ఫోమ్ నింపొచ్చు. అంచుల్లో, బందుల దగ్గర 75 మి.మీ. నిండు చెక్క వదలాలి.

నాలుగో పాఠం పైకప్పు. దానికి తెచ్చిన 3 మి.మీ. షీటులోంచి 150 మి.మీ. వెడల్పు పట్టీలు రెండు కోసి ఉంచండి: ఒకటి పై పొర నార వెంబడి, మరొకటి నారకు అడ్డంగా. రెండింటినీ మీ ముందు వంపు మీద మెల్లగా వంచి, ఏది చిటపటమంటుందో, ఏది నిశ్శబ్దంగా వంగుతుందో గుర్తు పెట్టుకోండి. షీట్లు ఏ దిక్కున వేయాలో దాన్ని బట్టే నిర్ణయిస్తాం.