సయాటికా నొప్పి: నాకు పనిచేసిన బోర్లా వ్యాయామం

సయాటికా, అంటే నడుములో నరం ఒత్తుకుని కాల్లోకి దిగే నొప్పి, నాకు నడుము నుంచి ఎడమ పిక్క దాకా లాగేది. ఎమ్మారైలో ఎల్4-ఎల్5 డిస్క్ (నడుము కింది భాగంలో రెండు వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని దిండు లాంటిది) ఉబ్బిందన్నారు. బెల్టు, మాత్రలు, మసాజ్, మంచం మీద విశ్రాంతి: ఏదీ నిలవలేదు.

ఫిజియోథెరపిస్ట్ దగ్గరుండి నేర్పిన మెకెంజీ పద్ధతి పనిచేసింది. ముందు బోర్లా పడుకుని ఊరికే ఊపిరి తీసుకోవడం. కాలి నొప్పి పెరగకపోతే మోచేతుల మీద ఛాతీ ఎత్తి కాసేపు ఉండటం. అదీ కుదిరాక అరచేతులతో నేలను నొక్కుతూ పైకి లేవడం, పదిసార్లు; నడుము వదులుగా, తుంటి నేలకే ఉండాలి. అసలు గుర్తు ఇది: నొప్పి పిక్క నుంచి తొడకు, తొడ నుంచి నడుముకు వెనక్కి రావాలి. కాల్లోకి ఇంకా దిగుతుంటే వెంటనే ఆపేయాలి.

అందరికీ పడుతుందని చెప్పలేను. చాలామందికి ఈ నొప్పి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది కూడా. వెన్నునాళం (వెన్నుపూసల్లో నరాలు వెళ్లే దారి) ఇరుకైనవాళ్లకు ఇలా వెనక్కి వంగితే నొప్పి సాధారణంగా ఎక్కువవుతుంది. మూత్రం ఆగినా, మర్మాంగాల చుట్టూ తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.