క్వార్టర్‌బ్యాక్ ఎదగట్లేదా? కోచ్‌ని తిట్టే ముందు ఇవి చూడండి

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో శనివారం ఓడితే ఆదివారం పొద్దుటికల్లా రెండే తీర్పులు వినిపిస్తాయి. ఒకటి, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ కుర్రాడికి చేతకాదు. రెండోది, కోచ్ వాణ్ని పాడుచేశాడు. రెండూ స్కోరు చూసి చెప్పేవే. రికార్డింగు పెట్టుకుని, తప్పు ఏ క్షణంలో జరుగుతోందో చూస్తే కారణం చాలావరకు దొరుకుతుంది. టీవీ కెమెరా మాత్రం బంతి వెంటే ఉంటుంది, దాన్ని అందుకోవడానికి దూరంగా పరిగెత్తే రిసీవర్లు చాలా స్నాప్‌లలో (బంతి క్వార్టర్‌బ్యాక్‌కి అందడంతో మొదలయ్యే ఒక్కో ప్లేలో) కనపడరు. అందుకే మైదానం మొత్తం కనిపించే ఆల్-22 వీడియో చూడకుండా ‘రిసీవర్ ఖాళీగానే ఉన్నాడు, వీడే చూడలేదు’ అనకండి.

సమస్య: బంతి రిసీవర్ తల మీదుగా పోతోంది

చేతి బలం సంగతి తర్వాత, ముందు కాళ్లు చూడండి. ఎండ్ జోన్ (మైదానం చివరి భాగం) వెనకనుంచి, పక్కనుంచి తీసిన రీప్లేలు దొరికితే నెమ్మదిగా నడిపి, బంతి చేతిని వదిలే చోట ఆపండి. కుడిచేతివాటం ఆటగాడికి ముందుకాలు ఎడమది. ఆ అడుగు మరీ బారుగా పడితే ఒంటి బరువు వెనక కాలి మీదే ఉండిపోతుంది, ముందు భుజం పైకి లేస్తుంది, దాంతో పాటే బంతీ లేస్తుంది. పాదం గురికి అడ్డంగా, మూసుకుపోయినట్టు పడితే కథ వేరు. నడుము తిరగదు, విసురంతా చేతిమీదే పడుతుంది. కాలు కదపకుండా చేతులతో కవర్ డ్రైవ్ ఆడే బ్యాటర్‌లాగే ఉంటుంది వ్యవహారం. అప్పుడు బంతి రిసీవర్ వీపు వెనక్కో, కాళ్ల దగ్గరికో పోతుంది.

పరిష్కారం: కాళ్లు భుజాల వెడల్పు కంటే కాస్త ఎడంగా, ముందడుగు జానెడు మించకుండా. మొదట వెనక్కి అడుగులు వేయకుండా, ఉన్నచోటి నుంచే 10 గజాల విసుర్లు. అది కుదిరాక వెనక్కి 3 అడుగులు వేసి (డ్రాప్) విసరడం, ఆ తర్వాత 5 వేసి. చివర్లో నేలమీద అడ్డంగా పరిచిన బ్యాగులు దాటుతూ, చూపు కిందికి దించకుండా విసరడం. కాళ్ల దగ్గర ఎవరో ఒకరు ప్యాడ్‌తో తోస్తూ ఉండాలి, లేకపోతే ప్రాక్టీసులో కుదిరిన అడుగు ఆటలో చెదిరిపోతుంది.

ఇదంతా ఆఫ్‌సీజన్ పని. స్ప్రింగ్‌లో 15 ప్రాక్టీసులు ఉంటాయి. సీజన్ మొదలయ్యాక కాలేజీ ఆటల సంస్థ ఎన్‌సీఏఏ లెక్కన వారానికి 20 గంటలే, అందులోనే మీటింగులు, వెయిట్ రూము, ఆట రోజు అన్నీ. అక్టోబరులో విసిరే పద్ధతి మార్చడం ఎవరివల్లా కాదు. మార్చబోయిన కోచ్‌నే నేను అనుమానిస్తాను.

సమస్య: సాక్‌ల మీద సాక్‌లు

బంతి వదిలేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొడితే అది సాక్. అందరూ ముందు అతణ్ని కాపాడే లైన్‌ని తిడతారు. ఫోన్లో స్టాప్‌వాచ్ తెరిచి, స్నాప్ నుంచి దెబ్బ తగిలేదాకా లెక్కపెట్టండి. రెండున్నర సెకన్లలోపే పడిపోతే తప్పు లైన్‌దో, బ్లాకింగ్ ఏర్పాటుదో. మూడు దాటాక పడితే బంతిని పట్టుకుని కూర్చున్న కుర్రాడిది, లేదా ఎంతకీ విడివడని రిసీవర్లది. ఒక్క సాక్‌తో తేల్చకండి, ఆట మొత్తం రాసుకోండి.

రెండో లెక్క మనుషులది. ఐదుగురు లైన్‌మెన్ మాత్రమే ఆపుతుంటే ఆరుగురు మీదికొస్తే, ఆరోవాణ్ని ఆపడానికి ఎవరూ ఉండరు. వాడు చేరేలోపు హాట్ రూట్‌కి (దగ్గర్లో వెంటనే దొరికే రిసీవర్‌కి) బంతి వదిలేయాల్సింది క్వార్టర్‌బ్యాకే. ఆరోవాడు తాకే సమయానికి చూపు ఇంకా మైదానం లోతుల్లోనే ఉంటే చదవడంలో తప్పుంది. దానికి మందు వారం పొడుగునా బ్లిట్జ్ (ఇలా అదనపు మనుషులతో మీదికి రావడం) చూపించి, వచ్చేవాణ్ని స్నాప్‌కి ముందే వేలితో చూపించమనడం. అప్పటిదాకా పాస్ కోసం వెళ్లగలిగే రన్నింగ్ బ్యాక్‌నీ టైట్ ఎండ్‌నీ కూడా కాపలాకే ఆపించి ఏడుగురితో కాపాడాలి. పాస్ కోసం పరిగెత్తే దారులు (రూట్లు) రెండు తగ్గుతాయి, తప్పదు.

ఇంకో చిక్కు. కాలేజీలో సాక్‌లో పోయిన గజాలు రషింగ్‌లోంచి (పరుగు గజాల్లోంచి) కోస్తారు, ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో అలా కోయరు. బాక్స్ స్కోరులో మైనస్ గజాలు చూసి ‘వీడు పరిగెత్తలేడు’ అనేవాళ్లు ఏటా తయారవుతారు.

సమస్య: మొదటి రెండు డ్రైవ్‌లు అద్భుతం, తర్వాత శూన్యం

డ్రైవ్ అంటే బంతి మన చేతిలో ఉండే ఒక విడత. చాలా జట్లు మొదటి పది పదిహేను ప్లేలు ముందే రాసుకుని వస్తాయి. వారమంతా వల్లెవేసినవి కాబట్టి సాఫీగా నడుస్తాయి. ఆ చిట్టా అయిపోయాక డిఫెన్స్ వేషం మారుస్తుంది. స్నాప్‌కి ముందు వెనకాల ఇద్దరు సేఫ్టీలు (డిఫెన్స్ చివరి కాపలాదారులు) కనపడతారు, బంతి కదలగానే ఒకడు మధ్యకు దిగిపోతాడు. ముందు చూసిందే నమ్ముకుని మధ్యకు విసిరితే ఇంటర్‌సెప్షన్, బంతి వాళ్ల చేతికే పోతుంది. స్నాప్ అయిన మొదటి సెకనులో సేఫ్టీ ఎటు కదిలాడో చూడటం అలవాటు కావాలి. దానికి ప్రాక్టీసులో ప్రత్యర్థిలా ఆడే స్కౌట్ టీమ్ ప్రతి స్నాప్‌కీ వేషం మార్చి నిలబడాలి.

ఇక్కడ కోచ్ తప్పు పట్టుకునే దారి ఒకటుంది. 2024 నుంచి పై స్థాయి కాలేజీ ఆటలో కోచ్ మాట వినిపించే హెల్మెట్ రేడియో వచ్చింది, 40 సెకన్ల ప్లే క్లాక్‌లో 15 మిగిలేసరికి అది ఆగిపోతుంది. జట్టు లైన్ దగ్గరికి చేరేటప్పుడు క్లాక్ చూడండి. ఎప్పుడూ పదిలోపే ఉంటే కాల్ ఆలస్యంగా వస్తోందన్నమాట. కుర్రాడికి డిఫెన్స్ చదివే తీరికే లేదు.

సమస్య: కంప్లీషన్ శాతం 70, అయినా నమ్మకం కుదరట్లేదు

కంప్లీషన్ శాతం అంటే నూరు విసుర్లలో రిసీవర్లు అందుకున్నవి ఎన్నని. స్క్రీన్లు (లైన్ దగ్గరే ఇచ్చే పొట్టి పాసులు), ఆర్‌పీఓలు (పరుగో పాసో అప్పటికప్పుడు తేల్చే ప్లేలు) తీసేసి చూడండి. కాలేజీ పాసర్ రేటింగ్‌లో స్క్రీన్ పట్టుకుని రిసీవర్ పరిగెత్తిన 40 గజాలూ విసిరినవాడి ఖాతాలోకే వెళ్తాయి. థర్డ్ డౌన్‌కి (మూడో ప్రయత్నంలో) 7 గజాలు, ఆపైన కావాల్సినప్పుడు ఏం చేశాడన్నదే అసలు పరీక్ష.

సమస్య: రెండేళ్లు కూర్చున్నాడు, దిగగానే తడబడ్డాడు

ప్రాక్టీసులో క్వార్టర్‌బ్యాక్‌ని ఎవరూ కొట్టరు, పై జట్టు స్నాప్‌లలో సింహభాగం స్టార్టర్‌కే పోతాయి. టెక్సస్‌లో స్టార్టర్ క్విన్ ఈవర్స్ వెనక రెండు సీజన్లు ఉన్న ఆర్చ్ మ్యానింగ్ 2025 మొదటి ఆటలో, కొలంబస్‌లో ఒహాయో స్టేట్ మీద, 30లో 17 పూర్తిచేసి 170 గజాలు కొట్టాడు. టెక్సస్ 14-7తో ఓడింది. ఆ ఒక్క రోజుతో ఆస్టిన్, డాలస్‌లలో ఉన్న మన టెక్సస్ అభిమానులు కూడా తీర్పు చెప్పేశారు. అంతకుముందు అతను స్టార్ట్ చేసినవి రెండే ఆటలు. ఇలాంటివాడికి మందు స్నాప్‌లే. కనీసం ఆరేడు ఆటలు పోయాక మాట్లాడుకోవాలి.

సమస్య: మూడేళ్లయినా అక్కడే ఉన్నాడు

ఇక్కడే వాదన ముదురుతుంది. ఆబర్న్‌లో బో నిక్స్ మూడు సీజన్లలోనూ కంప్లీషన్ 57 నుంచి 61 శాతం మధ్యే ఆడింది. ఆ మూడేళ్లకీ ముగ్గురు అఫెన్సివ్ కోఆర్డినేటర్లు (దాడి వైపు ఆట చూసే కోచ్‌లు): 2019లో కెన్నీ డిల్లింగ్‌హామ్, 2020లో చాడ్ మోరిస్, 2021లో మైక్ బోబో. కొత్త మనిషి వస్తే కొత్త పదజాలం, డిఫెన్స్‌ని చదివే కొత్త వరస, కొత్త అడుగుల లెక్క. పాతది మరచిపోవడానికే స్ప్రింగ్ సగం పోతుంది. 2022లో ఒరెగాన్ వెళితే అక్కడ మళ్లీ డిల్లింగ్‌హామే, శాతం 70 దాటింది.

‘చూశారా, అంతా కోచే’ అనేవాళ్లు 2023 చూడాలి. డిల్లింగ్‌హామ్ అరిజోనా స్టేట్‌కి హెడ్ కోచ్‌గా వెళ్లిపోయాడు, విల్ స్టైన్ వచ్చాడు. నిక్స్ శాతం తగ్గలేదు సరికదా 77 దాటింది, 45 టచ్‌డౌన్లు, 3 ఇంటర్‌సెప్షన్లు. అప్పటికి వయసు, అనుభవం, ముందున్న లైన్ అన్నీ కుదిరాయి.

జో బరో కథలోనూ ఇంతే. ఎల్‌ఎస్‌యూలో 2018లో 16 టచ్‌డౌన్ పాసులు, 2019లో 60. 2019లో కొత్త కోచ్‌గా జో బ్రేడీ వచ్చిన మాట నిజం. కానీ కోఆర్డినేటర్ స్టీవ్ ఎన్‌స్మింగర్ మారలేదు, రిసీవర్లు జమార్ చేజ్, జస్టిన్ జెఫర్సన్ అదే ఏడాది పదునెక్కారు. ఎవరివల్ల ఎంత అని విడదీసి చెప్పే లెక్క ఎవరి దగ్గరా లేదు.

కాబట్టి కాలేజీ మారేందుకు పేరిచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోకి దూకమని సలహా ఇచ్చేటప్పుడు మూడు సంగతులు చూడండి. వెళ్లేచోట ప్లేలు పిలిచేది ఎవరు, అతను కనీసం రెండేళ్లు ఉంటాడా? లైన్‌లో ఐదుగురిలో ఎందరు తిరిగొస్తున్నారు? అక్కడి పదజాలం ఇతనికి ఇప్పటికే ఎంత తెలుసు? మూడూ అనుమానంగా ఉంటే బడి మారి ప్రయోజనం లేదు, జెర్సీ రంగే మారుతుంది.